విరాళాల ఫుట్‌బాల్ మ్యాచ్‌కి నిర్వహణ సంస్థని పెట్టుకున్నాం: గ్రౌండ్‌లో బాగా చేశారు, లెక్కల దగ్గర తడబడ్డారు

ముందే చెప్పేస్తాను. మ్యాచ్ నడిపించడం వరకు వీళ్లకి పదికి తొమ్మిది ఇస్తాను, డబ్బు లెక్కల దగ్గర నాలుగుకి మించి ఇవ్వలేను. మామూలు ఫ్రెండ్లీ మ్యాచ్ అయితే ఆ తొమ్మిది చూసుకుని సంతోషంగా ఊరుకునేవాణ్ణి. కానీ ఇది ఒక మనిషి చికిత్స కోసం పెట్టిన మ్యాచ్. జనం టికెట్ కొన్నది మా ఆట చూడాలని కాదు, ఆయన కోసం. అందుకే ఆ నాలుగు మార్కుల సంగతి కాస్త వివరంగా రాస్తాను. సంస్థ పేరు మాత్రం రాయను, ఎందుకంటే అడిగినప్పుడు చాలా తప్పులు సరిదిద్దారు, పైగా ఈ పని చేసేవాళ్లు ఎక్కడైనా దాదాపు ఇదే పద్ధతిలో నడుస్తారు కాబట్టి పేరు కంటే పద్ధతి తెలిస్తేనే మీకు ఉపయోగం.

నేను ఒక అమెచ్యూర్ ఫుట్‌బాల్ క్లబ్‌కి సెక్రటరీని. మాకూ పక్క క్లబ్‌కీ ఏళ్ల తరబడి పోటీ ఉంది, మైదానంలో మాటా మాటా అనుకున్న రోజులూ ఉన్నాయి. వాళ్ల పాత గోల్‌కీపర్‌కి వెన్నెముకకి దెబ్బ తగిలింది. నెలల తరబడి ఫిజియోథెరపీ కావాలన్నారు. మా వాళ్లలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు ఆయన మీద పెనాల్టీ పోగొట్టుకున్నవాళ్లే. ఆట మానేశాక రెండు క్లబ్బుల పిల్లలకీ కీపింగ్ నేర్పింది కూడా ఆయనే, మీ పిల్లలు మా పిల్లలు అని ఎప్పుడూ చూడలేదు. అందుకే మ్యాచ్ పెడదామన్న మాట ముందు వాళ్ల దగ్గర్నుంచి కాదు, మా డ్రెస్సింగ్ రూమ్‌లోంచే వచ్చింది.

మేమే చేసుకుందామని మొదలుపెట్టి రెండు వారాలు తిరిగాం. గ్రౌండ్ ఒకరి చేతిలో, రిఫరీలు ఇంకొకరి చేతిలో, అంబులెన్స్ మరొకరి చేతిలో. అందరం ఉద్యోగాలు చేసుకునేవాళ్లం, సాయంత్రం ఫోన్లు మొదలుపెడితే అవతల వాళ్ల ఆఫీసులు మూసేసి ఉండేవి. చివరికి ఇవన్నీ ఒకే చోట చూసే సంస్థ ఉందంటే వెళ్లాం. గ్రౌండ్, డ్రెస్సింగ్ రూములు, ముగ్గురు రిఫరీలు, ఫస్ట్ ఎయిడ్ సిబ్బంది, గేటు దగ్గర మనుషులు, ఆన్‌లైన్‌లో టికెట్లు అమ్మి విరాళాలు తీసుకోవడం, అన్నీ కలిపి ఒక ప్యాకేజీ.

మొదటి మీటింగ్‌లోనే వాళ్ల మీద నమ్మకం కలిగింది. దానికి కారణం వాళ్లు చూపించిన ఫొటోలు కాదు, అడిగిన ప్రశ్నలు. ఆటగాళ్ల వయసు ఎంత, చివరిసారి పూర్తి తొంభై నిమిషాలు ఎప్పుడు ఆడారు, గుండె జబ్బు గానీ ఆస్తమా గానీ ఉన్నవాళ్లు ఉన్నారా, మీ క్లబ్బులు ఫుట్‌బాల్ సంఘంలో రిజిస్టర్ అయి ఉన్నాయా అని వరసగా అడిగారు. ఆఖరి ప్రశ్న మాకు అసలు తట్టనే లేదు. రిజిస్టర్డ్ క్లబ్బులైతే లీగ్‌కి బయట పెట్టే మ్యాచ్‌కి మీ ఫుట్‌బాల్ సంఘం అనుమతి అవసరమవ్వొచ్చు, అనుమతి లేకపోతే రిజిస్టర్డ్ రిఫరీలు రావడం కుదరకపోవచ్చు, మీ ఇన్సూరెన్స్ కూడా వర్తించకపోవచ్చు, రెండూ కాగితం మీద చూసుకుని రండి అన్నారు. వెళ్లి పాలసీ తీసి చదివితే నిజమే, మా ఇన్సూరెన్స్ అనుమతి ఉన్న మ్యాచ్‌లకి మాత్రమే. ఈ ఒక్క సలహాకే వాళ్లకి రుణపడి ఉంటాం, ఎందుకంటే ఎవరికైనా కాలు విరిగి ఉంటే ఒక మనిషి చికిత్స కోసం పెట్టిన మ్యాచ్ ఇంకో మనిషిని ఆస్పత్రి ఖర్చుల్లోకి నెట్టి ఉండేది.

ఆట సమయం గురించి కూడా మంచి మాట చెప్పారు. రెండు జట్లలోనూ నలభై దాటినవాళ్లు ఉన్నారు. ఆట నిబంధనల్లో 45 నిమిషాల చొప్పున రెండు భాగాలని ఉన్నా, మ్యాచ్ మొదలవకముందే రిఫరీ, రెండు జట్లు ఒప్పుకుంటే, పోటీ నియమాలు అడ్డు రాకపోతే, తగ్గించుకోవచ్చు. మేం 35 చొప్పున పెట్టుకున్నాం. సబ్‌స్టిట్యూట్ల సంగతీ అంతే. అధికారిక పోటీల్లో ఐదుగురికి మించి మార్చడానికి లేదు గానీ ఇలాంటి మ్యాచ్‌లో రెండు జట్లు ఒక సంఖ్య అనుకుని రిఫరీకి ముందే చెబితే చాలు. మేం తొమ్మిది మంది అనుకున్నాం. బయటికి వచ్చినవాడు మళ్లీ లోపలికి వెళ్లే వెసులుబాటు అమెచ్యూర్, వెటరన్ స్థాయిలో సంఘం ఒప్పుకుంటే ఉంటుంది, దానికి అనుమతి కూడా వాళ్లే అడిగి పెట్టారు. ఆడాలని ఆశపడ్డ ఎవర్నీ బెంచి మీద కూర్చోబెట్టాల్సిన పని లేకుండా పోయింది. విరాళాల మ్యాచ్‌లో ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే ఆడే ప్రతి మనిషి వెనకా టికెట్ కొనే ఇంటివాళ్లు, స్నేహితులు ఒక పది మంది ఉంటారు.

వాన వస్తే ఎలా అన్నది ఒప్పందంలో స్పష్టంగా రాసి ఉంది. మైదానం ఆటకి పనికిరాదని రిఫరీ తేల్చితే నెల లోపు ఇంకో తేదీ ఉచితంగా ఇస్తారు, మా అంతట మేం వాయిదా వేస్తే సగం అద్దె పోతుంది. న్యాయంగానే అనిపించింది.

గ్రౌండ్ చాలా బాగుంది. వంద మీటర్ల పొడవు, 64 మీటర్ల వెడల్పు, గడ్డి సమానంగా కోసి ఉంది, గీతలు అప్పుడే వేసినట్టు తెల్లగా మెరుస్తున్నాయి. కానీ గోల్ పోస్టుల గురించి ఒక మాట తప్పకుండా రాయాలి. అక్కడున్నవి భూమిలో పాతినవి కాదు, చక్రాల మీద జరిపే రకం. పూర్తి సైజు గోల్ అంటే 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు, అంత లోహపు చట్రం ముందుకి పడితే కింద ఉన్న పిల్లాడు బతకడం కష్టం, అలా పిల్లలు చనిపోయిన సంఘటనలు చాలా దేశాల్లో జరిగాయి. అందుకే ఎలాంటి గోల్ అయినా నేలకి గట్టిగా బిగించి ఉండాలని ఆట మొదటి నిబంధనలోనే ఉంది. మేం వెళ్లేసరికి ఒక పక్క గోల్‌కి వెనక బరువులు పెట్టలేదు. మా కెప్టెన్ చిన్న కొడుకు అప్పటికే అడ్డ కమ్మీ పట్టుకుని వేలాడదామని ఎగురుతున్నాడు. మేం ఏమీ అనకముందే గ్రౌండ్ చూసుకునే పెద్దాయన అటు నుంచి పరుగెత్తుకొచ్చి, పిల్లాణ్ణి పక్కకి తీసుకెళ్లి, "బాబూ, ఇది బిగించేదాకా ఎవరూ దగ్గరికి రావద్దు" అని చెప్పి, వార్మప్ ఇరవై నిమిషాలు ఆపేసి మరీ బిగించారు. ముందే బిగించి ఉండాల్సింది, అది వాళ్ల తప్పే. కానీ తొందరలో ఉన్న రెండు జట్లని ఆపి పని పూర్తి చేయడం చూశాక ఆ తప్పుకి నేను మార్కు తగ్గించలేదు.

ఫస్ట్ ఎయిడ్ దగ్గర కాసేపు గట్టిగానే మాట్లాడుకోవాల్సి వచ్చింది. గుండె ఆగితే షాక్ ఇచ్చే మెషిన్, ఏఈడీ, ఉందని ప్యాకేజీలో రాశారు. నిజంగానే ఉంది, కానీ ఆఫీసు గదిలో అల్మారాలో తాళం వేసి ఉంది, తాళంచెవి మేనేజర్ జేబులో, మేనేజర్ పార్కింగ్ దగ్గర. 2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో డెన్మార్క్, ఫిన్లాండ్ మ్యాచ్‌లో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ కుప్పకూలినప్పుడు మైదానంలోనే సీపీఆర్ చేసి, అక్కడే షాక్ ఇచ్చి బతికించారు, మనలో చాలామంది అది టీవీలో చూస్తూ ఊపిరి బిగబట్టినవాళ్లమే. గుండె ఆగాక షాక్ ఇవ్వడం ఒక్కో నిమిషం ఆలస్యమైన కొద్దీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం చొప్పున పడిపోతుందని డాక్టర్లు చెబుతారు. అంటే తాళంచెవి వెతుక్కునే నాలుగైదు నిమిషాల్లో సగం దాకా పోతుంది. వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం పరుగెత్తే నలభై ఏళ్ల వాళ్లు ఆడే మ్యాచ్‌లో ఈ మెషిన్ కార్నర్‌లో పాతే జెండా కర్ర కంటే ముఖ్యం. ఈ మాటే చెప్పాను. మేనేజర్ వాదించలేదు. మెషిన్ తెచ్చి రెండు డగౌట్ల (జట్ల బెంచీలు ఉండే చోట్ల) మధ్య టేబుల్ మీద పెట్టించి, అది ఎక్కడుందో మైక్‌లో అందరికీ చెప్పించారు. ఇకపై ప్రతి మ్యాచ్‌కీ అక్కడే పెడతామన్నారు. తర్వాత ఇంకో క్లబ్ వాళ్లని కనుక్కున్నాను, మాట నిలబెట్టుకున్నారట.

ఫస్ట్ ఎయిడ్‌కి వచ్చినావిడ గురించి ప్రత్యేకంగా రాయాలి. రెండో భాగంలో కార్నర్ కిక్‌కి ఇద్దరు ఒకేసారి ఎగిరి తలలు ఢీకొన్నాయి. రక్తం లేదు, వాపు లేదు, మావాడు లేచి నిలబడి "ఏం కాలేదు, ఆడతాను" అంటున్నాడు. ఆవిడ రెండు మూడు ప్రశ్నలు అడిగారు, ఏ భాగం ఆడుతున్నాం, చివరి గోల్ ఎవరు కొట్టారు అని. రెండోదానికి తడబడ్డాడు. "అన్నా, ఇవాళ్టికి చాలు" అని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశారు. అతను బతిమాలాడు, మా కోచ్ కూడా బతిమాలారు, ఆవిడ కదల్లేదు. తలకి దెబ్బ తగిలిందని అనుమానం ఉంటే ఆ రోజుకి ఆట ఆపేయాల్సిందే, పైకి బాగానే కనిపించినా సరే. అతన్ని ఒంటరిగా డ్రైవ్ చేసుకుని వెళ్లనివ్వలేదు, రాత్రికి ఎవరు కనిపెట్టుకుని ఉంటారో అడిగి వాళ్ల భార్య గారికి ఏయే లక్షణాలు కనిపిస్తే ఆస్పత్రికి తీసుకెళ్లాలో కాగితం మీద రాసిచ్చారు. డబ్బులిచ్చి పెట్టుకున్న సేవల్లో ఇంత శ్రద్ధ నేను చాలా అరుదుగా చూశాను.

రిఫరీలు ముగ్గురూ సమయానికి గంట ముందే వచ్చారు. ఉంగరాలు, గొలుసులు తీయించారు, టేపు చుట్టుకుంటామంటే ఒప్పుకోలేదు, నిబంధన కూడా అదే. మోకాలి కింద కట్టుకునే షిన్‌గార్డ్ మర్చిపోయిన ఇద్దరికి అదనపు జతలు సంస్థ దగ్గరే దొరికాయి. రెండు జట్ల జెర్సీలూ ఎరుపే కాబట్టి వాళ్లు ముందుగానే ఫొటోలు అడిగి మాకు జెర్సీ మీద వేసుకునే తెల్ల బిబ్స్ సిద్ధం చేశారు. విరాళాల మ్యాచ్ కదా అని ఆటని ఆటబొమ్మలా నడపలేదు, ఆలస్యంగా వేసిన ఒక టాకిల్‌కి ఎల్లో కార్డు చూపించారు, అది మా కుర్రాడికే, కరెక్ట్ నిర్ణయమే. పాత పోటీ ఉన్న రెండు జట్లు ఆడుతున్నప్పుడు రిఫరీ మెత్తగా ఉంటే మొదటి పది నిమిషాల్లోనే చేయి దాటిపోతుంది.

ఆట మూడు మూడుతో సమమైంది. పెనాల్టీలు పెడదామని అందరూ అన్నారు, వీల్‌చెయిర్‌లో ఉన్న ఆ గోల్‌కీపర్ గారు గోల్ వెనక కూర్చుని చూస్తానన్నారు. ఆయన్ని అక్కడికి తీసుకెళ్తుంటే రెండు జట్ల వాళ్లూ లైన్‌గా నిలబడి చప్పట్లు కొట్టారు, ఎవరూ చెప్పి చేయించింది కాదు. సరిగ్గా మూడో పెనాల్టీకి ఫ్లడ్‌లైట్లు ఆరిపోయాయి.

లైట్లు టైమర్ మీద ఉన్నాయట. మేం బుక్ చేసిన సమయం అయిపోగానే వాటంతట అవే ఆరిపోయాయి. ఎల్ఈడీ లైట్లు అయితే స్విచ్ వేయగానే వెలిగేవి, ఇవి పాత మెటల్ హాలైడ్ దీపాలు, ఒకసారి ఆరితే చల్లబడి మళ్లీ వెలగడానికి పది నిమిషాల పైనే పడుతుంది. పెనాల్టీలు ఉంటే ఎంతసేపు పడుతుందన్న ప్రశ్న అంత పెద్ద ఫారంలో ఎక్కడా లేదు, మేమూ అడగలేదు. చీకట్లో ఆ పది నిమిషాలూ జనం ఎవరూ కదలకుండా ఫోన్ల లైట్లు పైకెత్తి నిలబడ్డారు, ఆ దృశ్యం మాకు జీవితాంతం గుర్తుండిపోతుంది, అయినా సరే ఇది వాళ్ల పొరపాటే. చీకట్లో మెట్లు దిగుతూ ఎవరైనా పడి ఉంటే? మీరు బుక్ చేసేటప్పుడు లైట్ల సమయం ఆట సమయం కంటే కనీసం ముప్పావుగంట ఎక్కువ ఉండేలా రాయించుకోండి, దీపాలు ఏ రకమో కూడా అడగండి.

ఇక డబ్బు విషయం.

ఒప్పందం ప్రకారం టికెట్లు, ఆన్‌లైన్ విరాళాలు అన్నీ సంస్థ ఖాతాలోకి వెళ్తాయి, వాళ్లు తమ ఖర్చులు మినహాయించుకుని మిగిలింది పంపిస్తారు. సంతకం పెట్టేటప్పుడు ఇది నాకు పెద్ద విషయంగా అనిపించలేదు, అందరూ ఇలాగే చేస్తారేమో అనుకున్నాను. మొదటి ఇబ్బంది పోస్టర్ దగ్గర వచ్చింది. వాళ్లు తయారుచేసి పంపిన పోస్టర్ మీద "వచ్చిన సొమ్మంతా చికిత్సకే" అని పెద్ద అక్షరాల్లో ఉంది. అది ఎలా నిజమవుతుంది? గ్రౌండ్ అద్దె, సిబ్బంది ఖర్చు, టికెట్ మీద కమిషన్ అన్నీ పోయాక మిగిలిందే కదా చికిత్సకి వెళ్లేది. అన్ని విరాళాల మ్యాచ్‌లకీ ఇదే నమూనా వాడతామన్నారు. నేను ఒప్పుకోలేదు. రెండు క్లబ్బుల కమిటీలు కూర్చుని, అద్దె, సిబ్బంది ఖర్చు క్లబ్బుల నిధి నుంచి, ఆడేవాళ్ల చందా నుంచి ఇద్దామని, టికెట్ మీద కమిషన్ ఎంతో పోస్టర్ మీదే రాద్దామని తేల్చాం. అప్పుడు పోస్టర్ మారింది: "కమిషన్ పోను టికెట్ల డబ్బంతా చికిత్సకి, గ్రౌండ్ ఖర్చు క్లబ్బులది." వాక్యం కాస్త పొడుగైంది గానీ నిజం. దాతలకి నిజం చెబితే తక్కువ ఇస్తారేమోనన్న భయం మాలో కొందరికి ఉండేది. కానీ ఆ పోస్టర్ చూసి ఫోన్ చేసినవాళ్లలో చాలామంది మెచ్చుకున్నది ఆ వాక్యాన్నే.

ఈ విషయంలో ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఇంగ్లండ్‌లో సీజన్ మొదట్లో జరిగే ఛారిటీ షీల్డ్ అనే విరాళాల మ్యాచ్ గురించి ఫుట్‌బాల్ చూసేవాళ్లందరికీ తెలుసు, 1908లో మొదలైంది. 2002 నుంచి దాని పేరు కమ్యూనిటీ షీల్డ్ అయింది. పేరు మారడానికి వెనక ఉన్న కథ ఏంటంటే, టికెట్ డబ్బులో ఎంత భాగం సేవకి వెళ్తుందో స్పష్టంగా చెప్పలేదని, సేవాసంస్థలకి చెల్లింపులు ఆలస్యం చేశారని అక్కడ సేవాసంస్థలని పర్యవేక్షించే ఛారిటీ కమిషన్ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘాన్ని తప్పుపట్టింది. అంత పెద్ద ఫుట్‌బాల్ సంఘమే దొరికిపోయిన చోటు అదే, మ్యాచ్ నిర్వహణ కాదు, లెక్క.

ఇంకా వెనక్కి వెళ్తే నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతి ఒకటి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండ్‌లో డిక్, కెర్ లేడీస్ అనే ఫ్యాక్టరీ అమ్మాయిల జట్టు గాయపడ్డ సైనికుల కోసం విరాళాల మ్యాచ్‌లు ఆడేది. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో వాళ్ల మ్యాచ్‌కి సుమారు 53,000 మంది వచ్చారు, లోపల చోటు లేక వేలమంది బయటే ఉండిపోయారు. ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబర్ 5న, తన పరిధిలోని క్లబ్బులు ఆడవాళ్ల మ్యాచ్‌లకి మైదానాలు ఇవ్వకూడదని ఫుట్‌బాల్ సంఘం తీర్మానం చేసింది. ఆట ఆడవాళ్లకి తగదన్నది ఒక సాకైతే, వసూళ్లలో ఎక్కువ భాగం ఖర్చులకే పోతోంది, సేవకి తగినంత వెళ్లడం లేదన్నది ఆ తీర్మానంలో రాసిన ఇంకో సాకు. యాభై ఏళ్ల దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. మనల్ని ఆపాలనుకునేవాళ్ల చేతికి ముందుగా దొరికేది ఖర్చుల పద్దే. అందుకే ఆ పద్దులో ఒక్క గీత కూడా అస్పష్టంగా ఉండకూడదని నా పట్టుదల.

మ్యాచ్ రోజు గేటు దగ్గర నగదు పెట్టెలు మేమే పెట్టుకున్నాం. ఒక్కో పెట్టె దగ్గర రెండు క్లబ్బుల నుంచి ఒక్కొక్కరు, సీలు వేసిన పెట్టెలు, మ్యాచ్ అయ్యాక అందరి ముందూ తెరిచి ఇద్దరు లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చేశారు. గంటలో పని అయిపోయింది, ఆ రాత్రే మొత్తం ఎంతో గోల్‌కీపర్ గారి కుటుంబానికి చెప్పగలిగాం. ఆన్‌లైన్ లెక్క మాత్రం వారంలో వస్తుందన్నది నాలుగు వారాలకి వచ్చింది. వచ్చిన కాగితంలో నాలుగే గీతలు: టికెట్లు, విరాళాలు, నిర్వహణ ఖర్చులు, మిగిలింది. నిర్వహణ ఖర్చులు అంటే ఏంటి, అద్దె మేం విడిగా కట్టేశాం కదా అని అడిగితే వివరాలు పంపిస్తామన్నారు. రెండుసార్లు గుర్తు చేశాక పంపించారు. చూస్తే గేటు దగ్గర ఆరుగురికి జీతం వేశారు, వచ్చింది నలుగురే. టికెట్ మీద కమిషన్ ముందే అనుకున్నది, దాని గురించి పేచీ లేదు, కానీ ఎవరైనా టికెట్ కొంటూ పైన అదనంగా ఇచ్చిన విరాళం మీద కూడా అదే కమిషన్ కోశారు. ఈ రెండూ ఎత్తి చూపితే రెండు రోజుల్లో సరిచేసి, తగ్గించుకున్న మొత్తం తిరిగి పంపించారు, ఫోన్ చేసి క్షమించమన్నారు. కావాలని చేశారని నేను అనుకోవడం లేదు. వాళ్లకి ఇది మామూలు టోర్నమెంట్ బిల్లు లాంటిదే, సాఫ్ట్‌వేర్ ఎలా కోస్తే అలా కోసేసింది. మాకు మాత్రం ఆ నాలుగు వారాలూ నరకం. ఆయన ఫిజియోథెరపీ మొదలయ్యే తేదీ దగ్గరపడుతోంది, ఇంట్లోవాళ్లు మొహమాటంతో అడగరు, మేం సమాధానం లేక ఆ వీధి వైపు వెళ్లడానికే ఇబ్బందిపడ్డాం. టికెట్ కొన్న ఒక పెద్దాయన "డబ్బులు చేరాయా బాబూ?" అని మామూలుగానే అడిగారు, అనుమానంతో కాదు, అయినా నాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి ఈ సేవ ఎవరికి పనికొస్తుందంటే, మీ దగ్గర మనుషులున్నా సమయం లేనివాళ్లకి, రిఫరీలు, ఫస్ట్ ఎయిడ్, అనుమతులు సొంతంగా కుదుర్చుకోలేనివాళ్లకి కళ్లు మూసుకుని చెబుతాను, పెట్టుకోండి. నలభై మంది ఆటగాళ్లు, కొన్ని వందల మంది జనం, ఒక్కరికి కూడా పెద్ద ప్రమాదం జరగకుండా ఇంటికి వెళ్లారంటే అది వాళ్ల పనితనమే. కానీ సంతకం పెట్టేముందు డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో, ఎన్ని రోజుల్లో బయటికి వస్తుందో, విరాళం మీద కమిషన్ ఉందో లేదో, ఖర్చుల్లో ప్రతి పద్దూ విడివిడిగా రాసిస్తారో లేదో కాగితం మీద పెట్టించండి. వీలైతే విరాళాలకి రెండు క్లబ్బుల ప్రతినిధులూ సంతకం పెడితేనే డబ్బు కదిలే విడి ఖాతా తెరవండి. ఇవి అడిగితే వాళ్లు నొచ్చుకోరు, మేం అడిగినప్పుడు నొచ్చుకోలేదు. మేం ముందు అడగకపోవడమే జరిగింది.

తుది లెక్క వచ్చిన రోజే టికెట్ల సంఖ్య, మొత్తం, కమిషన్, క్లబ్బులు పెట్టిన ఖర్చు, కుటుంబానికి అందినది, తేదీతో సహా ఒకే పేజీలో రాసి టికెట్ కొన్న అందరికీ పంపించాం. గోల్‌కీపర్ గారికి ఫిజియోథెరపీ మొదలైంది. మొన్న వెళ్లి చూస్తే కర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు, వచ్చీ రాగానే ఆ రోజు మా వాడు కొట్టిన నాలుగో పెనాల్టీ ఎటు వెళ్తుందో తనకి ముందే తెలిసిపోయిందని చెప్పడం మొదలుపెట్టారు.

వచ్చే సీజన్‌కి ముందు మళ్లీ ఆడుతున్నాం, ఈసారి ఆయన నేర్పిన పిల్లల్లో ఒకమ్మాయి మోకాలి ఆపరేషన్ కోసం. గ్రౌండ్, రిఫరీలు, ఫస్ట్ ఎయిడ్ అన్నీ ఇదే సంస్థ దగ్గర బుక్ చేశాం, తల దెబ్బ దగ్గర గట్టిగా నిలబడ్డ ఆవిడనే పంపమని పేరు చెప్పి మరీ అడిగాం, లైట్లు గంట ఎక్కువ రాయించుకున్నాం. టికెట్లు మాత్రం మేమే అమ్ముకుంటున్నాం.